సబర్ అంటే చుప్‌గా ఉండటం కాదు

జగ్గయ్యపేట, నందిగామ వాళ్లకు 65వ నంబరు హైవే ఇంటి ముందు గల్లీ లాంటిది. 2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున పెనుగంచిప్రోలు మండలంలో ఒక ప్రైవేటు బస్సు అదుపు తప్పి కల్వర్టు దగ్గర పడిపోయింది. కనీసం 10 మంది జాన్ పోయింది. మయ్యత్‌లు నందిగామ ఆస్పత్రికి చేరాయి.

అంతకు మూడేళ్ల ముందే, 2013 అక్టోబర్ 30న, మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు-హైదరాబాద్ బస్సు కల్వర్టును గుద్ది కాలిపోయింది. 45 మంది మరణించారు. బిడ్డల్ని పోగొట్టుకున్న అమ్మానాన్నలు, మిగతా ఇంటివాళ్లు ఒక్కటై ఇన్సాఫ్ కోసం ధర్నాలకు కూర్చున్నారు. వాళ్ల సవాల్ ఒక్కటే: జుర్మ్ డ్రైవరొక్కడిదేనా? కల్వర్టు కట్టినవాళ్లు, బస్సు తయారుచేసినవాళ్లు జవాబు చెప్పరా?

ఆ ఒక్క పోరాటంతోనే చట్టం మారిందనను. కానీ 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో ఆ సవాల్‌కు కొంత జవాబుంది. లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి తీసుకోవాలని సర్కారు హుకుం ఇవ్వొచ్చు. నాసిరకం రోడ్డువల్ల ప్రాణం పోతే కాంట్రాక్టరుకూ అధికారులకూ జుర్మానా వేయొచ్చు. అయితే అది లక్ష రూపాయలు దాటదు. ఒక జాన్‌కి ఇదా ఖీమత్?

గమీ ఇంటికెళ్లి “సబర్ చేయండి” అంటాం. సహీ మాటే. కానీ దారిలో తకలీఫ్ ఇచ్చేదాన్ని తొలగించడం ఈమాన్‌లో భాగమని మన నబీ (స) నేర్పారు. ఆ అమ్మానాన్నలు ధర్నాలో కూర్చుని చేసిందీ అదే.