మార్లవాయి బడి, ఉట్నూరు లడ్డూ

నాంపల్లి, అబిడ్స్ సంఘాల అక్కచెల్లెళ్లమైన మనం ఆదిలాబాద్ అడవి చరిత్ర కూడా తెలుసుకోవాలి. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడైనాక, గోండుల కష్టాలేంటో చూడమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గోండుల మధ్యనే ఉన్నారు. 1943లో అక్కడ గోండు యువకులకే పంతుళ్ల శిక్షణ మొదలైంది. పిల్లలకు తమవాళ్లే గోండీలో చదువు చెప్పారు.

ఇప్పుడు ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేస్తోంది. రక్తం తక్కువున్న ఆశ్రమ బడి ఆడపిల్లలకు అవి అందుతున్నాయి. అడవి పువ్వే, ఆడవాళ్ల చేతులే.

మన బస్తీల్లోనూ అలాంటి పిల్లలున్నారు. మనం మాత్రం కిస్తీల లెక్కే చూస్తున్నాం. వచ్చే ఏడు ప్రతి మీటింగ్‌లో పొదుపుతోపాటు మన బిడ్డల రక్తం, బడి సంగతి కూడా అడుగుదాం.