తెల్లచీరకు ఎర్రంచు

మన ఇళ్ళల్లో తెల్లచీర పేరెత్తితే పెద్దవాళ్ళకు గుండె కలుక్కుమంటుంది. కొత్తకోడలు ముచ్చటపడి ఒకటి కొనుక్కుందే అనుకోండి, "శుక్రవారం పూట అదేం చీరమ్మా!" అంటూ అత్తగారు మొహం చిట్లిస్తుంది. మరి అదే కోడల్ని పెళ్ళినాడు పీటలమీద ఏ చీరతో కూర్చోబెట్టారు? తెల్లని మధుపర్కంతో! ఈ తిరకాసు ఎప్పుడైనా గమనించారా?

మా ముత్యంపేట వాళ్ళం పెళ్ళిబట్టలకు కోరుట్లకో జగిత్యాలకో వెళతాం. పట్టుచీరల దగ్గరే పూటంతా గడిచిపోతుంది. ఈ రంగు వద్దు, ఆ జరీ వద్దు అంటూ కొట్టంతా పరిపిస్తాం. తీరా లేచి వచ్చేముందు, "అన్నట్టు, మధుపర్కాలు కూడా కట్టండి" అంటాం. తెల్లని నూలుబట్ట, ఎర్రంచో పసుపంచో, చీర ఒకటి, పంచె ఒకటి. బేరం లేదు, మడత విప్పి చూసేది లేదు. కట్టిన మూటలో అన్నిటికన్నా చవకైనవి అవే. ముహూర్తం వేళకు ఒంటిమీద ఉండవలసినవీ అవే.

అసలు మధుపర్కం అంటే బట్ట కానే కాదు. తేనె, పెరుగు, నెయ్యి కలిపిన పదార్థం. గౌరవించదగ్గ అతిథి ఇంటికొస్తే అది ఇచ్చి ఆదరించాలని గృహ్యసూత్రాలు చెప్పాయి. పెళ్ళికొడుకూ అతిథే కనుక మామగారు ఆ మర్యాద చేస్తాడు. ఆ సమయంలో పెట్టే బట్టలకే రానురాను ఆ పేరు స్థిరపడింది. తేనెగిన్నె పేరు చీరకొచ్చిందన్నమాట!

ఇక దొరల పెళ్ళిళ్ళ సంగతి చూద్దాం. సినిమాల్లో పెళ్ళికూతురి తెల్లగౌను చూసి అది వాళ్ళకు అనాదిగా వస్తున్న ఆచారం అనుకుంటాం. అదేం కాదు. అక్కడి ఆడపిల్లలూ ఒకప్పుడు ఉన్నవాటిలో మంచి గౌనే, ఎరుపో నీలమో, వేసుకుని పెళ్ళాడేవారు. ఆ తర్వాత పండగలకూ అదే. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తెల్లని సాటిన్ గౌనులో పెళ్ళి చేసుకుంది. దానిమీద చేతి లేసు. యంత్రాల లేసు వచ్చి చేత్తో అల్లేవాళ్ళకు పని కరువైన రోజులవి. ఆ లేసుకోసం డెవన్ సీమలో రెండువందల మందికి పైగా నెలల తరబడి పనిచేశారు. అంటే ఆ తెల్లగౌను వెనక కొన్ని ఇళ్ళ పొయ్యిలు వెలిగాయి. సిరిసిల్ల పక్కనున్న మనకు ఈ మాట వేరే విడమరచి చెప్పాలా? 2017లో బతుకమ్మ చీరల నేత పని అక్కడి మరమగ్గాలకు అందినప్పుడు జరిగింది కూడా ఇలాంటిదే.

రాణిగారిని చూసి కలిగినవాళ్ళు, వాళ్ళను చూసి మిగతావాళ్ళు. తెలుపు కన్నెపిల్ల నిర్మలత్వానికి గుర్తు అన్న అర్థం ఆ తర్వాత పత్రికలు గట్టిగా తగిలించినదే. ముందు బట్ట వచ్చింది, వెనక అర్థం వచ్చింది.

ఇంకో ముచ్చట వినండి. 1558లో స్కాట్లండు రాణి మేరీ ఫ్రాన్సు యువరాజును పెళ్ళాడుతూ తెల్లదుస్తులే ధరించింది. ఫ్రెంచి రాణులకేమో తెలుపు వైధవ్యపు రంగు! రెండేళ్ళకు ఆ భర్త పోయాడు. ఆవిడ మళ్ళీ తెలుపే వేసుకుంది, ఈసారి దుఃఖానికి. విక్టోరియా మాత్రం 1861లో భర్త పోయాక 1901లో తాను పోయేదాకా నలుపు విడవలేదు. ఒక రంగే ఒకచోట శుభం, మరోచోట శోకం. మన క్రైస్తవుల ఇళ్ళల్లో పెళ్ళికూతురు తెల్లచీర కట్టి, తలమీద తెల్లని మేలిముసుగు వేసుకుంటుంది. ఆ ఇళ్ళల్లో దాన్ని చూసి ఉలిక్కిపడేవాళ్ళెవరూ లేరు.

మరి మనకెందుకు ఆ ఉలికిపాటు? మా పెద్దమ్మ చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుంది. ఎవరింట పెళ్ళయినా స్తంభం చాటునే నిలబడేది. ఒకసారి నాతో నవ్వుతూ అంది: "పిల్ల కట్టిందీ తెల్లచీరనే, నేను కట్టిందీ తెల్లచీరనే. దాని చీరకు ఎర్రంచు ఉంది, నా చీరకు లేదు. గంతే బిడ్డా!" అది విని నేను నవ్వలేకపోయాను.

ఈ కట్టుబాటు అందరి ఇళ్ళల్లోనూ ఒక్కలా లేదు. ఎన్నో కులాల్లో మారుమనువు ఎప్పటినుంచో ఉంది. అది లేని ఇళ్ళ ఆడపిల్లల కోసమే 1856లో వితంతు వివాహ చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించారు. వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రామంటే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నీళ్ళు మోసి వంట చేసింది. చట్టం కాగితం మీద ఉంటే చాలదు, ఇంట్లో ఒక ఆడది నడుం బిగించాలి.

సిరిసిల్లలో చూడండి, చాలా బట్ట మగ్గం నుంచి తెల్లగానే దిగుతుంది. రంగు తర్వాత అద్దుతారు. అర్థం కూడా అంతే. అద్దింది మనమే, కడగగలిగిందీ మనమే.

మొన్న మా ఇంట పెళ్ళిలో మధుపర్కాల కొసలకు పసుపు రాసే పని పెద్దమ్మకే ఇచ్చాను. ఒకరిద్దరు గొణిగారు. ఆవిడ చేతులు కాస్త వణికాయి. కాని నాలుగు కొసలకూ శ్రద్ధగా రాసి, ఇంకా పసుపు మిగిలిందంటూ చీర అంచు పొడవునా రాసుకుంటూ పోయింది. ముహూర్తం తప్పలేదు, పెళ్ళి ఆగలేదు.