తుంటి మార్పిడి తర్వాత విశ్రాంతి ఎంత, నడక ఎంత?

తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన అమ్మీనో, అబ్బానో మంచం దిగనివ్వకపోవడం చాలా ఇళ్లలో కనిపించేదే. నొప్పి తగ్గింది కదా అని రెండో వారంలోనే వంటపని, బజారుపని మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు. రెండూ నష్టమే. అదేపనిగా పడుకుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, కండరాలు బలహీనపడతాయి. మరీ ఎక్కువ తిరిగితే వాపు, నొప్పి పెరుగుతాయి. కిందపడితే కొత్త కీలు జారిపోవచ్చు.

ఈ ఆపరేషన్‌లో అరిగిపోయిన బంతి, గిన్నె భాగాలు తీసేసి లోహం, ప్లాస్టిక్, సిరామిక్ వంటివాటితో చేసిన కీలు అమర్చుతారు. చాలామందిని అదే రోజు లేదా మర్నాడే వాకర్‌తో నడిపిస్తారు.

రోజు ఎలా గడపాలి?

మొదట్లో ఒకేసారి అరగంట నడిచే బదులు 5-10 నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు నడవడం మేలు. ఐదు పూటల నమాజ్ వేళలనే ఇందుకు గుర్తుగా పెట్టుకోవచ్చు. నడక అయ్యాక కాసేపు పడుకోవాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పాదాలను పైకీ కిందికీ ఆడిస్తుండాలి. నడక వల్ల వచ్చిన నొప్పి కాసేపటికి తగ్గితే ఫర్వాలేదు. మర్నాడు పొద్దున కూడా అలాగే ఉంటే, ముందురోజు శ్రమ ఎక్కువైనట్టే. అప్పుడు నడక తగ్గించాలి గానీ పూర్తిగా మానకూడదు.

మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు పెట్టాలి.

నమాజ్, దస్తర్‌ఖాన్

చాలామందికి 6 నుంచి 12 వారాల వరకు తుంటిని 90 డిగ్రీలకు మించి వంచొద్దని, కాలు మీద కాలు వేయొద్దని డాక్టర్లు చెబుతారు. అంటే నేలమీద దస్తర్‌ఖాన్ ముందు కూర్చోవడం, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి వాడటం కొన్నాళ్లు మానాలి. నిలబడలేనివారు కూర్చుని నమాజ్ చేయడానికి ఇస్లాంలో సడలింపు ఉంది. ఎత్తైన గట్టి కుర్చీలో కూర్చుని, రుకూ, సజ్దాలను బాగా వంగకుండా తలతో సైగ చేయవచ్చు. వుజూలో పాదాలు కడగడానికి ఇంట్లోవాళ్లు సాయం చేయాలి.

శంషాబాద్ నుంచి ప్రయాణం

గల్ఫ్ నుంచి వచ్చే కొడుకుని తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకు వెళ్లాలన్నా, కారు సీటు పల్లంగా ఉంటే గట్టి దిండు వేసుకోవాలి. శంషాబాద్ నుంచి జిద్దాకు విమానంలో దాదాపు ఆరు గంటలు. అంతసేపు కదలకుండా కూర్చుంటే రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. అందుకే దూరప్రయాణాలు సాధారణంగా మూడు నెలల దాకా వాయిదా వేసుకోమంటారు. ఉమ్రాలో సఫా, మర్వాల మధ్య సయీ ఒక్కటే మూడు కిలోమీటర్ల పైన ఉంటుంది. కాబట్టి డాక్టర్ని అడిగాకే టికెట్ తీసుకోవాలి, వీల్‌చైర్ కావాలని అప్పుడే చెప్పాలి. సెక్యూరిటీ తనిఖీలో మెటల్ డిటెక్టర్ మోగవచ్చు. డిశ్చార్జ్ కాగితం దగ్గర ఉంచుకుని, ఆపరేషన్ సంగతి ముందే చెబితే సరిపోతుంది.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

పిక్కలో నొప్పి, వాపు, ఛాతీనొప్పి, ఆయాసం, జ్వరం, గాయం నుంచి చీము, ఉన్నట్టుండి కాలు పొట్టిగా లేదా పక్కకు తిరిగినట్టు కనిపించడం - వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఛాతీనొప్పి, ఆయాసం అయితే 108కి ఫోన్ చేయాలి. రక్తం పలుచనయ్యే మందులను సొంతంగా ఆపకూడదు. ఒక్కొక్కరి ఆపరేషన్ ఒక్కో తీరు, కాబట్టి ఆపరేషన్ చేసిన డాక్టర్ చెప్పిన జాగ్రత్తలనే ముందుగా పాటించాలి.