గొడ్రాలికి సాటి పదమేది? : గోదావరి సీమలో వరిబీజం, పురుష సంతానసామర్థ్యం - చారిత్రక పరిశీలన

కీలక పదాలు: గొడ్రాలు, వరిబీజం, శుక్రకణం, ఫైలేరియా, గోదావరి సీమ

1. ప్రవేశిక

సంతానం లేని స్త్రీని తెలుగులో 'గొడ్రాలు' అంటారు. బాలవ్యాకరణం 'గొడ్డు' శబ్దాన్ని పేదాదులలో చేర్చి, 'ఆలు' శబ్దం పరమైనప్పుడు రుగాగమాన్ని విధించింది. అదే స్థితిలో ఉన్న పురుషునికి ఇంతగా స్థిరపడిన పదం వాడుకలో లేదు. 'నపుంసకుడు' అనే మాట సంభోగశక్తి లేనివానికి చెల్లుతుందే గాని, శుక్రకణాలు లోపించినవానికి చెల్లదు. ఈ పదలేమిని కోరుకొండ మెట్ట నుండి దిగువ డెల్టా వరకు విస్తరించిన గోదావరి సీమ ఆరోగ్యచరిత్రతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. శాస్త్ర నేపథ్యం

సుశ్రుతసంహిత శారీరస్థానంలోని రెండవ అధ్యాయం శుక్రశోణితశుద్ధిని గూర్చినది. చరకసంహిత కూడా శుక్రదోషాలను వివరించింది. లోపం పురుషునిలోనూ ఉండవచ్చునన్న ఎరుక ప్రాచీన వైద్యానికి ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

1677లో లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో శుక్రకణాలను చూశాడు. వృషణ నాళికలలోని మూలకణాలు విభజన చెందుతాయి. క్షయకరణ విభజనలో క్రోమోజోముల సంఖ్య సగమవుతుంది. ఆపై కణం తోకను సంతరించుకుంటుంది. ఈ క్రమానికి సుమారు 64 నుండి 74 రోజులు పడుతుంది. ఇందుకు శరీరం కన్నా 2 నుండి 4 సెల్సియస్ డిగ్రీలు తక్కువ వేడిమి అవసరం. తీవ్రజ్వరం, పొగతాగడం, వృషణసిరల వాపు, కొన్ని మందులు ఈ క్రమాన్ని దెబ్బతీయగలవు. జ్వరం తగ్గిన కొన్ని వారాల తరువాత కూడా శుక్రకణాల సంఖ్య తక్కువగా ఉండడానికి కారణం ఈ కాలవ్యవధియే.

3. గోదావరి సీమ అనుభవం

గోదావరి జిల్లాలు దీర్ఘకాలం ఫైలేరియా పీడిత ప్రాంతాలు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ ద్వారా వ్యాపించే ఈ వ్యాధి అనగానే బోదకాలు గుర్తుకు వస్తుంది. కాని దీని పురుగులు పురుషులలో వృషణాల పరిసర శోషనాళాలలోనూ నివసిస్తాయి. వృషణం చుట్టూ నీరు చేరడమే వరిబీజం. దాని ఒత్తిడి, వేడిమి శుక్రకణోత్పత్తికి ఆటంకం కావచ్చు. అయితే వరిబీజం ఉన్న ప్రతివాడూ సంతానహీనుడు కాడు.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లే పరిశోధకులు 1947లో డైఇథైల్‌కార్బమజీన్ ఔషధాన్ని వెలుగులోకి తెచ్చారు. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. కోరుకొండకు సమీపంలోని రాజమహేంద్రవరంలో ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఈ ఔషధం రక్తంలోని సూక్ష్మక్రిములను నశింపజేస్తుంది. ముదిరిన వరిబీజానికి శస్త్రచికిత్సయే మార్గం.

4. ముగింపు

'వరిబీజం' అనే పేరులోనే బీజం ఉంది. వ్యాధి పురుషుని బీజస్థానంలో కంటికి కనిపిస్తున్నా, సంతానలేమికి పేరు మాత్రం స్త్రీకే దక్కింది. వ్యాధికి పేరు పెట్టిన భాష, దాని పర్యవసానానికి పురుషుని పేరు పెట్టలేదు. పేరు లేని లోపానికి పరీక్ష కూడా ఆలస్యమవుతుంది. ఈలోగా నింద భార్య మోస్తుంది. దంపతులిరువురికీ వర్తించే 'సంతానలేమి' అనే పదాన్ని పాఠ్యగ్రంథాలలో, నిఘంటువులలో స్థిరపరచడం ఉచితం. ఈ సీమలోని మౌఖిక వ్యవహారంలో పురుషుని గూర్చిన పదాలను సేకరిస్తే ఈ పరిశీలన మరింత విస్తరిస్తుంది.