డిమెన్షియా: మన రాతల్లో ఒక మాట, దాని బరువు

కొన్నేళ్ళ క్రితం మా తరగతి విద్యార్థి ఒకడు సెలవుచీటీ తెచ్చి ఇచ్చాడు. "మా అవ్వకు పిచ్చి ముదిరినందున బెంగళూరుకు పిలుచుకొని పోవుచున్నాము. కావున రెండు దినములు సెలవు ఇప్పించగలరు" అని అందులో ఉంది. వారం గడిచాక ఆ ఇంటివారు అవ్వ ఆసుపత్రి చీటీని నాచేత చదివించుకోవడానికి వచ్చారు. అందులో వైద్యులు వ్రాసిన మాట "డిమెన్షియా". ఈ రెండు చీటీల్లోని రెండు మాటల మధ్య ఎంత దూరమున్నదో, ఆ దూరం వల్ల మన పెద్దలకు కలిగే నష్టమేమిటో తెలుపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాట పుట్టుక, అర్థం

డిమెన్షియా లాటిన్ మూలం గల పదం. అందులో "డి" అంటే తొలగిపోవడం, "మెన్స్" అంటే మనస్సు లేక బుద్ధి. పూర్వం ఐరోపాలో ఈ మాటను పలు రకాల మతిచలనాలకు కలగలిపి వాడేవారు. నేటి వైద్యంలో దీని అర్థం స్పష్టం. జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, లెక్క, దారి గుర్తు వంటివి మెదడుకు సోకిన వ్యాధి వల్ల క్షీణించి, మనిషి తన రోజువారీ పనులు తాను చేసుకోలేని స్థితికి రావడమే డిమెన్షియా.

ఇది ఒకే వ్యాధి పేరు కాదు. జ్వరానికి అనేక కారణాలున్నట్లే దీనికీ అనేక కారణాలున్నాయి. జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో వివరించిన అల్జీమర్స్ వ్యాధి వాటిలో ముఖ్యమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నూటికి 60 నుండి 70 మందిలో కారణం అదే. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం మరొక కారణం. కనుక "డిమెన్షియా", "అల్జీమర్స్" అనే రెండు మాటలను ఒకదానికి బదులు మరొకటి వ్రాయరాదు.

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి ఈ స్థితి ఉన్నదని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది.

మన వాడుకలోని మాటలు

కన్నడంలో "అరవత్తక్కె అరళు మరళు" అనే సామెత ఉంది. సరిహద్దుకు ఈవల మనమూ "అరవైకి అరుళు మరుళు" అంటాం. వినసొంపైన సామెతే గాని, వయస్సు వస్తే బుద్ధి తప్పడం సహజమనే భావం అందులో దాగి ఉంది. డిమెన్షియా వయస్సుతో తప్పక వచ్చేది కాదు. ఎనభై దాటినా చక్కగా లెక్కలు చెప్పే పెద్దలు ప్రతి ఊరిలోనూ ఉన్నారు.

"మతిమరుపు" అనేది మెత్తని మాట. అయితే కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం వేరు, కళ్ళజోడు దేనికో మరచిపోవడం వేరు. రెండింటికీ ఇదే మాట వాడుతున్నందున వైద్యుని వద్దకు వెళ్ళడం ఆలస్యమవుతోంది. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావం కూడా డిమెన్షియాలాగే కనబడవచ్చు. వీటికి చికిత్స ఉంది.

"చాదస్తం" అన్న మాట వ్యాధిని స్వభావంగా మారుస్తుంది. "పిచ్చి" అన్న మాట మనిషినే వెలివేస్తుంది. కొందరు అనువాదకులు వాడే "చిత్తవైకల్యం" సంస్కృత సమాసమే అయినా పల్లెలో అది కూడా పిచ్చి అనే వినబడుతుంది. ఇక ఇచ్చిన హామీ మరచిన నాయకుణ్ణి "డిమెన్షియా వచ్చిందా" అని ఎద్దేవా చేసే రాతలు వ్యాధి పేరును తిట్టుగా దించుతున్నాయి. దానిని చదివే ఇళ్ళలో నిజంగా ఆ వ్యాధితో ఉన్న తల్లో తండ్రో ఉండవచ్చు.

బెంగళూరు చెప్పే పాఠం

మాట మార్చడం కొత్త కాదు. నిమ్హాన్స్ చరిత్ర 1847 నాటి బెంగళూరు "లూనటిక్ అసైలం", అంటే పిచ్చివారి ఆశ్రయంతో మొదలవుతుంది. 1925లో మైసూరు ప్రభుత్వం దాని పేరును "మెంటల్ హాస్పిటల్"గా మార్చింది. అటు తరువాత 1974లో ఆ ఆసుపత్రి, 1954లో స్థాపించిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ కలిసి నిమ్హాన్స్ అయ్యాయి. ఆశ్రయం ఆసుపత్రి అయింది, ఆసుపత్రి విద్యాపీఠమైంది. మన ఊళ్ళలో మాత్రం అక్కడికి పోయినవారిని నేటికీ "పిచ్చాసుపత్రికి పోయినారు" అనేవారు ఉన్నారు.

జపాన్‌లో డిమెన్షియాకు వాడే పాత పదంలో మందబుద్ధి అనే అర్థం ఉండేది. అది అవమానకరమని భావించి 2004లో ఆ దేశ ప్రభుత్వం దానిని తొలగించి, గ్రహణశక్తికి సంబంధించిన వ్యాధి అనే అర్థమిచ్చే "నిన్చిషో" అనే పదాన్ని ప్రవేశపెట్టింది.

కనబడుటలేదు

కొడుకుల వద్దకు బెంగళూరు వెళ్ళిన మన పెద్దలు మెజెస్టిక్ బస్టాండు వంటి చోట్ల తప్పిపోతే పత్రికలో వేసే ప్రకటన ఎలా ఉంటుంది? "చామనఛాయ, మతిస్థిమితం లేదు" అని. చదివినవాడు ఆ మనిషి ఎదురైతే భయపడి పక్కకు తప్పుకుంటాడు. అల్జీమర్స్ ఉన్న తండ్రి బెంగళూరులో తప్పిపోవడం ఇతివృత్తంగా 2016లో అనంత్ నాగ్ నటించిన కన్నడ చిత్రం వచ్చింది. దాని పేరు "గోధి బణ్ణ సాధారణ మైకట్టు". గోధుమ రంగు, సాధారణ శరీరం అని అర్థం. ఇలాంటి ప్రకటనల్లో ఉండే మాటలే అవి. ఎవరికైనా వర్తించే ఆ మాటలతో ఒక్క మనిషిని గుర్తించడం ఎంత కష్టం!

అందుచేత ఇలా వ్రాయడం మేలు: "డిమెన్షియా వ్యాధి ఉంది. తన పేరు చెప్పగలరు, ఊరు చెప్పలేరు. తెలుగు మాత్రమే మాట్లాడతారు. నెమ్మదస్తురాలు. కూర్చోబెట్టి నీళ్ళిచ్చి ఈ నంబరుకు తెలుపగలరు."

చట్టంలో ఆ మాట బరువు

అర్జీలో "మతిస్థిమితం లేదు" అని తొందరపడి వ్రాయరాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందం చేసుకునే వేళ విషయం గ్రహించి తన మేలుకీళ్ళు తేల్చుకోగలిగినవారే స్థిరబుద్ధి గలవారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఒకరికి మానసిక వ్యాధి ఉన్నదని నిర్ధారించినంత మాత్రాన వారు బుద్ధిస్థిరత్వం లేనివారు కారని, ఆ విషయం తగిన న్యాయస్థానమే ప్రకటించాలని చెబుతోంది. మనం అలవాటుగా వ్రాసిన ఒక వాక్యం రేపు భూమి తగాదాలో అవ్వకు వ్యతిరేకంగా నిలబడవచ్చు. అలాగని వ్యాధిని దాచి వేలిముద్ర వేయించడమూ తగదు.

ఎలా వ్రాయాలి

వైద్యుడు నిర్ధారించాక "డిమెన్షియా వ్యాధి" అని వ్రాయండి. నిర్ధారించక ముందు "జ్ఞాపకశక్తి తగ్గుతోంది, దారి తప్పుతున్నారు" అని చూసినది చూసినట్లు వ్రాయండి. "డిమెన్షియా రోగి" కంటే "డిమెన్షియా ఉన్న మా అవ్వ" మేలు. మొదట అవ్వ, తరువాత వ్యాధి.

సలహాకు 14416 టెలి మానస్, వృద్ధుల సహాయానికి 14567 నంబర్లు ఉన్నాయి. పెద్దలు తప్పిపోతే ఆలస్యం చేయక 112కు తెలపాలి.

ఆ విద్యార్థి మరుసటి నెల మళ్ళీ సెలవు అడిగినప్పుడు చీటీని వానిచేతనే తిరిగి వ్రాయించాను: "డిమెన్షియా వ్యాధి ఉన్న మా అవ్వను వైద్య పరీక్షకు బెంగళూరు తీసుకొని పోవుచున్నాము." వాడు ఆ మాట అక్షరాలు రెండుమార్లు అడిగి వ్రాసుకున్నాడు.