స్టోరీబోర్డు ఆర్టిస్టు (టెలివిజన్ యానిమేషన్)

టీవీ కార్టూన్ తెరమీదికి రాకముందే కథనంతా వరుస బొమ్మలుగా గీసి చూపే కళాకారుణ్ని స్టోరీబోర్డు ఆర్టిస్టు అంటారు. ఏ పాత్ర ఎక్కడ నిలబడాలి, ఎటు చూడాలి, కెమెరా ఎంత దగ్గరికి రావాలి, ఏ మాట ఏ బొమ్మ దగ్గర పలకాలి అన్నవి ఇక్కడే తేలిపోతాయి. తెలంగాణలో ఈ కొలువు కొత్తదే. బొమ్మల వరుసతో కథ నడపడం మాత్రం ఇక్కడి పల్లెలకు కొత్త కాదు.

పెద్దపల్లి, కరీంనగర్ ప్రాంతాలతో సహా తెలంగాణ ఊళ్లలో కులపురాణాలు చెప్పేవాళ్లు పటం కట్టి కథ చెప్పేవారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం వినిపించేవారు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రని నేపథ్యం మీద ఆ పటాలు రాసేవారు. వెడల్పు మూడడుగులు, పొడవు ముప్పై నుంచి అరవై అడుగుల దాకా. కథకుడు చుట్ట విప్పుతున్నకొద్దీ సన్నివేశం మారేది. నకాషీ పటం నుంచే స్టోరీబోర్డు పుట్టిందని చెప్పలేం. అయినా కథను ఎక్కడ తుంచాలో, ఎక్కడ అతకాలో తెలిసిన నేర్పు రెండింటికీ ఒకటే.

ఆధునిక స్టోరీబోర్డు 1930లలో అమెరికాలోని వాల్ట్ డిస్నీ స్టూడియోలో స్థిరపడింది. విడి కాగితాల మీద గీసి గోడకు గుచ్చే పద్ధతిని వెబ్ స్మిత్ మొదలుపెట్టాడంటారు. నచ్చని బొమ్మను పీకేసి ఇంకొకటి పెట్టుకోవచ్చు, అదే దాని సౌలభ్యం. 1957లో ఏర్పడిన హన్నా-బార్బెరా సంస్థ టీవీ ఖర్చుకు తగ్గట్టు బొమ్మల కదలిక తగ్గించింది. దాంతో నవ్వు, ఉత్కంఠ అన్నీ షాట్ల కూర్పు మీదే పడ్డాయి, బోర్డు గీసేవారి బరువు పెరిగింది. మన దేశంలో 1956లో డిస్నీ నుంచి వచ్చిన క్లెయిర్ వీక్స్ బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌లో తొలితరానికి తర్ఫీదునిచ్చాడు. తెలుగులో దర్శకుడు బాపు యానిమేషన్ సినిమాలు తీయకపోయినా, తన సినిమాల షాట్లను ముందే బొమ్మలుగా గీసుకున్నారు. మన స్టోరీబోర్డు చరిత్రలో ఆయన పేరు తప్పక ఉండాలి.

హైదరాబాద్ స్టూడియోలు మొదట్లో ఎక్కువగా విదేశీ సీరియళ్లకు పనిచేశాయి. అలాంటి పనిలో కథ, బోర్డు సాధారణంగా అక్కడినుంచే వచ్చేవి. ఇక్కడివాళ్లు బొమ్మలను కదిలించేవారు. సొంత కథలు తీసినప్పుడే బోర్డు మన చేతికొచ్చింది. రాజీవ్ చిలక 2001లో హైదరాబాద్‌లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ నుంచి వచ్చిన ‘ఛోటా భీమ్’ 2008లో పోగో ఛానల్‌లో మొదలైంది. ఆ కథలు జరిగే ఢోలక్‌పూర్ అనే ఊరు ఎలా కనబడాలో ఇక్కడే నిర్ణయమైంది. ఈ వృత్తికి తెలుగునేల మీద అసలు మలుపు ఇదే. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మైటీ లిటిల్ భీమ్’లో పసివాడికి మాటలు లేవు, భారమంతా బొమ్మదే.

పదకొండు నిమిషాల ఎపిసోడ్‌కు వందల కొద్దీ గళ్లు గీయాలి. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన అది 16,500 ఫ్రేములు. ముందు గోటంత చిత్తుబొమ్మలు, తర్వాత సాపు బొమ్మలు, ఆపై వాటిని తాత్కాలిక గొంతులతో కలిపిన యానిమాటిక్. దర్శకుడు తిప్పి పంపితే మళ్లీ గీయాలి. ఓపిక లేనివారు ఇక్కడ నిలవలేరు. కొత్తవారు సాధారణంగా దిద్దుబాట్లతో మొదలై, సొంతంగా బోర్డు గీసే స్థాయికి చేరతారు. అక్కడినుంచి దర్శకత్వానికి వెళ్లినవారూ ఉన్నారు.

2016లో జిల్లా అయిన పెద్దపల్లి నుంచి ఈ పనికి రావాలనుకునేవారికి దారి హైదరాబాద్ మీదుగానే. మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బీఎఫ్‌ఏ యానిమేషన్ ఉంది. ప్రవేశ పరీక్ష రాయాలి. కొలువు ఇచ్చేటప్పుడు స్టూడియోలు పట్టా కంటే ముందు బొమ్మల పుస్తకం అడుగుతాయి. అందులో అందమైన ఒంటి బొమ్మల కన్నా, మాట సాయం లేకుండా అర్థమయ్యే పది గళ్ల కథకే విలువ ఎక్కువ.