ఎగువ గట్టున ఆగిన ఒండ్రు: తిరుమలగిరి సాగర్ నుంచి కృష్ణా డెల్టా వరకు

కృష్ణా డెల్టా సాగునీటి చరిత్రను బెజవాడ ఆనకట్ట దగ్గర మొదలుపెట్టి సముద్రం దగ్గర ముగించడం పరిపాటి. అయితే డెల్టా అనేది నది తాను మోసుకొచ్చిన ఒండ్రును సముద్రపు అంచున వేల ఏళ్లుగా పరుచుకుంటూ కట్టుకున్న నేల కాబట్టి, దాని తలరాతను నిర్ణయించేది ఎగువన ఉన్న మెట్ట. అటువంటి మెట్ట ప్రాంతాలలో నల్లగొండ జిల్లా తిరుమలగిరి (సాగర్) ఒకటి. 2016 నాటి జిల్లాల పునర్విభజనలో మండలంగా ఏర్పడిన ఈ ప్రాంతం నాగార్జునసాగర్ పొరుగునే ఉన్నా, ఇక్కడి ఊళ్లలోనూ లంబాడా తండాలలోనూ ఎత్తయిన భూములు దశాబ్దాల తరబడి వానమీదే ఆధారపడ్డాయి. నది దగ్గరున్నా నీరు దూరమైన ఈ స్థితి ప్రకృతి వల్ల కొంత, పంపకాల వల్ల కొంత ఏర్పడింది.

దక్షిణ తెలంగాణ పీఠభూమి గట్టి రాతి నేల. పైన ఎర్ర చెల్క పలుచగా ఉంటుంది, కింద నీరు నిలిచే చోటు పగుళ్లలో తప్ప దొరకదు. అందువల్ల పూర్వులు వాన నీటిని పడ్డచోటనే ఆపే గొలుసుకట్టు చెరువులను, అంటే ఎగువ చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువుకు చేరేలా వాగు పొడవునా వరుసగా కట్టిన చెరువులను ఆశ్రయించారు. నల్లగొండ పక్కన పానగల్లులోని ఉదయసముద్రం కందూరు చోడుల కాలపుది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో 1195, 1208 నాటి కాకతీయ శాసనాలు ఉన్నాయి, అక్కడ రేచర్ల సామంతులు గుడితోపాటు చెరువునూ నిలబెట్టారు. గుడి కట్టినవాడే చెరువు తవ్వించడం ఆ కాలపు రాజనీతి. భక్తి ఎంత కారణమో, పన్ను కట్టగల మాగాణి పెరగడం అంతే కారణమని భావించాలి.

ఈ చెరువుల పనితనం తూములో కనిపిస్తుంది. కట్టకు లోపలి వైపు నీటిలో రెండు రాతి స్తంభాలు నిలిపి, వాటి మధ్య ఒకదాని కింద ఒకటిగా రంధ్రాలున్న అడ్డరాళ్లు బిగించి, ఆ రంధ్రాల గుండా దించిన పొడవాటి కర్ర చివరి బిరడాతో అడుగున ఉన్న కంతను మూసేవారు. కర్రను ఎంత పైకి లేపితే అంత నీరు కట్ట కింది కాలువలోకి పారుతుంది. ఆ కర్రను లేపే అధికారం పొలం యజమానిది కాదు, ఊరు నియమించిన నీరటిది. ఏ మడికి ఎంతసేపు పారాలో చూసుకొని, పంట చేతికొచ్చాక కల్లంలో తన వంతు గింజలు అతను తీసుకునేవాడు. చెరువు సగమే నిండిన ఏడు ఆయకట్టులో కొంత భాగానికే నీరిచ్చి, ఆ భాగంలోనే రైతులందరికీ తలా కొంత భూమి పంచే తైబందీ అనే కట్టుబాటు ఉండేది. దీనిని సమానత్వంగా పొగడటం అతిశయోక్తే అవుతుంది, ఎందుకంటే మాగాణి లేని కులాలకు ఈ లెక్కలో చోటు లేదు. అయినా కరువును అందరూ పంచుకోవాలన్న నియమం ఇందులో ఉంది. ఎండకాలంలో చెరువు ఎండినప్పుడు అడుగున చేరిన పూడిక మట్టిని బండ్లకెత్తి చెల్కలకు తోలడం వల్ల చెరువు లోతు నిలిచేది, పొలానికి సత్తువ చేరేది.

డెల్టాలో కథ మరో విధంగా నడిచింది. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చివేసిన కరువు కంపెనీ ప్రభుత్వ ఆదాయాన్ని కూడా దెబ్బతీసింది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట నదికి ఇరువైపులా కాలువలు తీసి నీటిని పల్లానికి నడిపించింది. ఆ కాలువలే పడవ దారులయ్యాయి, దారుల వెంట సంతలు, సంతల వెంట పట్టణాలు పెరిగాయి. 1952లో ఆనకట్టకు గండి పడగా, 1954–57 మధ్య దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వెలిసింది. ఈ వందేళ్లలో డెల్టా సంపాదించుకున్నది ముందుగా వాడుకున్న హక్కు.

1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైంది. కుడి కాలువకు 132, ఎడమ కాలువకు 132, ఆవిరి నష్టానికి 17, మొత్తం 281 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) దీనికి లెక్కగట్టారు. అయితే ఇటువంటి కాలువ నేల ఎత్తు గీతను అనుసరించి, కొద్దిపాటి వాలుతో సాగుతుంది. దానికి నది వైపున్న పల్లపు భూములకే నీరు తనంతట తాను పారుతుంది తప్ప, ఎగువన ఉన్న ఊళ్లకు కాలువ కళ్లెదుటే పోతున్నా చుక్క అందదు. తిరుమలగిరి (సాగర్) మండలంలోని నెల్లికల్లు పరిసరాల వంటి ఎత్తు భూముల సమస్య ఇదే. వాటి కోసం ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగింది 2021 ఫిబ్రవరిలో, అంటే కాలువలకు నీరు వదిలిన యాభై మూడేళ్లకు.

కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచేందుకు 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ నదిలో నూటికి డెబ్బై అయిదేళ్లు నమ్మదగిన ప్రవాహాన్ని 2060 టీఎంసీలుగా తేల్చి, 1960 సెప్టెంబరు నాటికి నడుస్తున్న లేదా నిర్మాణంలో ఉన్న వాడకాలకు రక్షణ కల్పించింది. ఆ లెక్కన డెల్టాకు 181.2 టీఎంసీలు దక్కాయి. చెరువులకూ వాటా రాశారు గాని, పూడికతో చెరువు కుదించుకుపోయినప్పుడు ఆ వాటా కాగితం మీదే మిగులుతుంది. నీరటి వ్యవస్థ సడలి, శిఖం భూములు, అంటే చెరువు లోపలి నేలలు, ఆక్రమణకు గురైన దశాబ్దాలలో జరిగింది ఇదే. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ నలభై ఆరు వేలకు పైగా చెరువులను లెక్కించి పూడికతీతకు పూనుకోవడం ఆ పాత కొరతకు ఆలస్యంగా చేసిన మరమ్మతు.

నీటి తగాదాల చరిత్రలో ఒండ్రు ప్రస్తావన దాదాపు కనిపించదు. అసలు నష్టం అక్కడే దాగి ఉంది. నిర్మాణ కాలంలో 408 టీఎంసీలుగా ఉన్న నాగార్జునసాగర్ నిల్వ సామర్థ్యం, తరువాతి కొలతల్లో 312 టీఎంసీలకు పడిపోయింది. తగ్గిన చోటంతా డెల్టాకు చేరవలసిన మట్టి పేరుకుంది. చెరువు మట్టిని రైతు బండిమీద పొలానికి తోలుకున్నాడు. సాగర్ మట్టిని అలా తోలుకునేవారు లేరు. పైన శ్రీశైలం, ఆల్మట్టి కూడా తమ వంతు ఆపుకుంటున్నందున దివిసీమ తీరంలో కొత్త నేల చేరడం తగ్గి, పాత నేల కోతకు గురవుతోంది. కాలువల్లో మంచినీరు పలుచబడినప్పుడు ఉప్పు నీరు లోపలికి చొరబడుతుంది, వరి మడి రొయ్యల చెరువుగా మారడం ఆ మార్పును మరింత తొందరపెడుతుంది.

నగరాలు పెరగడం ఈ లెక్కను మరింత చిక్కుపరిచింది. 1908 సెప్టెంబరు నాటి మూసీ వరద తరువాత హైదరాబాదుకు ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వరద కాపుగానూ తాగునీటి ఆధారంగానూ నిలిచాయి. నగరం వాటిని మించిపోయాక, సాగర్ వెనుక నీటిని పుట్టంగండి దగ్గర అక్కంపల్లి జలాశయానికి ఎత్తి, కోదండాపురంలో శుద్ధిచేసి, 2004 నుంచి 2015 వరకు మూడు దశల్లో, ఏటా మొత్తం 16.5 టీఎంసీలు అందేలా హైదరాబాదుకు గొట్టాలు వేశారు. తాగునీటిగా తీసుకున్న దానిలో అయిదో వంతునే వాడకంగా లెక్కించాలని, మిగతాది నదికి తిరిగి చేరుతుందని బచావత్ తీర్పు భావించింది. నీరు నిజంగానే తిరిగి చేరుతోంది: నగరపు మురుగుగా మూసీలోకి దిగి, నల్లగొండ పొలాలను తడుపుతూ వచ్చి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. తీర్పు పరిమాణాన్ని చూసింది, గుణాన్ని చూడలేదు. ఈ పైపుల దారిలోని నల్లగొండ పల్లెలు మాత్రం బోరుబావుల ఫ్లోరైడ్ నీటితో వంకరబోయిన ఎముకలను భరించాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును వేరుచేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించగా, ప్రపంచం దానిని నల్లగొండ పేరుతోనే పిలుస్తోంది. ఈ కీర్తి ఏ జిల్లా కోరుకునేది కాదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నది నీటిని ఇళ్లకు చేర్చి ఈ బాధను చాలావరకు తగ్గించింది.

డెల్టాకూ నగరీకరణ భారం తప్పలేదు. బుడమేరు పొంగి విజయవాడ కాలనీలను ముంచిన 2024 సెప్టెంబరు తొలివారంలోనే ప్రకాశం బ్యారేజీ 11.43 లక్షల క్యూసెక్కుల వరదను చూసింది, అది బ్యారేజీ చరిత్రలో అత్యధికం. వాగు దారిలో ఇళ్లు వేసుకుంటే వాగు తన దారిని వెతుక్కుంటుందన్న సంగతి మూసీ 1908లోనే చెప్పినా, నగరాలు ఒకదాని అనుభవాన్ని మరొకటి అందిపుచ్చుకోవు.

ఎగువ, దిగువల మధ్య ఒప్పందానికి తావు లేకపోలేదు. డెల్టా కాలువల ఆధునికీకరణతో మిగిలిన నీటిలో 20 టీఎంసీలను మహబూబ్‌నగర్‌లోని భీమా ఎత్తిపోతలకు మళ్లించారు. పల్లంలో ఆదా మెట్టకు పంట అయింది. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని డెల్టాకు చేరుస్తోంది. అలా వచ్చిన గోదావరి జలాలకు బదులుగా సాగర్ ఎగువన 45 టీఎంసీలు దక్కాలన్న గోదావరి జలాల ట్రిబ్యునల్ పాత తీర్పు ప్రకారం తమ వాటా ఇవ్వాలని తెలంగాణ కోరుతోంది. మరోవైపు, నల్లగొండ మెట్టకు నీటిని ఎత్తకుండానే పారించేందుకు తలపెట్టిన శ్రీశైలం ఎడమగట్టు సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. 2023 అక్టోబరులో కేంద్రం కృష్ణా జలాల రెండో ట్రిబ్యునల్ అయిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించిన కొత్త విచారణాంశాలు కూడా రెండు తెలుగు రాష్ట్రాల మధ్య టీఎంసీల పంపకానికి సంబంధించినవే. సాగర్ అడుగున చేరిన మట్టిలో డెల్టా వాటా ఎంతన్న ప్రశ్న ఇంకా ఏ వాదిపత్రంలోకీ ఎక్కలేదు.